కాబీన్, ఫ్లాట్ క్యాప్: రోజూ పెట్టుకోవడానికి ఏది మేలు?

ఐర్లండ్ సంప్రదాయపు టోపీ ఒకటి కావాలనుకునేవారికి ప్రధానంగా కనిపించేవి రెండు. ఒకటి, ఐరిష్ భాషలో కాబీన్ అనే అంచులేని ఉన్ని టోపీ. రెండోది, ముందువైపు కళ్ళకు నీడపట్టే చిన్న అంచున్న ఫ్లాట్ క్యాప్, ట్వీడ్ అనే ముతక ఉన్ని బట్టతో కుట్టేది.

ఒకప్పుడు పేద రైతు నెత్తిన కనిపించిన, ఆకారం చెడిన పాత టోపీనే కాబీన్ అనేవారు. నేడు ఆ పేరుతో ఎక్కువగా చలామణిలో ఉన్నది బెరే అనే మెత్తని గుండ్రటి టోపీని పోలి, దానికంటే పెద్దగా ఉండే సైనిక టోపీ. బ్రిటిష్ సైన్యంలో 1992లో ఏర్పడిన రాయల్ ఐరిష్ రెజిమెంట్ ముదురాకుపచ్చ కాబీన్‌లో బ్యాడ్జి ఎడమ కంటిపైన ఉంటుంది, దాని వెనుక ఆకుపచ్చ ఈకల కుచ్చు నిటారుగా నిలుస్తుంది, మిగిలిన బట్ట కుడి చెవి వైపు వాలుతుంది. అదే సైన్యంలోని లండన్ ఐరిష్ రైఫిల్స్ వారైతే బ్యాడ్జిని కుడి కంటిపైన పెట్టి, నీలిరంగు కుచ్చు తొడిగేవారు. ఐరిష్ గార్డ్స్ అనే మరో దళంలో ఇది పైపర్లకే, అంటే బ్యాగ్‌పైప్ అనే తిత్తి వాద్యం వాయించేవారికే పరిమితం. కవాతులో దీని ఠీవికి ఫ్లాట్ క్యాప్ సాటిరాదని ఒప్పుకోవలసిందే. అయితే ఏ వైపు వాల్చాలో, ఏ రంగు కుచ్చు పెట్టాలో కూడా దళమే నిర్ణయించే టోపీని ఆ దళంతో సంబంధం లేనివారు వీధిలో పెట్టుకుంటే వేషం వేసినట్టే ఉంటుంది.

వాతావరణాన్ని బట్టి చూసినా తీర్పు మారదు. ఐర్లండ్ పశ్చిమ భాగంలో ఏడాదికి సుమారు 1000 నుంచి 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది గాలితో కలిసి ఏటవాలుగా కొట్టినప్పుడు, అంచులేని కాబీన్ నుదుటిని, కళ్ళజోడును ఏమాత్రం కాపాడలేదు. ఫ్లాట్ క్యాప్ అంచు చిన్నదే అయినా ఆ మేరకు ఆసరా. పైగా ఐర్లండ్ వాయవ్యంలోని డొనెగాల్ ప్రాంతపు ట్వీడ్ బూడిద, గోధుమ రంగుల నేతలో అక్కడక్కడా ఎరుపు, పసుపు, నీలి ఉన్ని చుక్కలు మెరుస్తుంటాయి కనుక, చిన్నపాటి మరకలు అందులో కలిసిపోతాయి. డొనెగాల్ పట్టణంలో 1924లో మొదలైన హన్నా హ్యాట్స్ అనే సంస్థ ఇప్పటికీ ఇలాంటి టోపీలు కుడుతోంది.

ఎనిమిది ముక్కలు కలిపి కుట్టే ఉబ్బు క్యాప్ కూడా దొరుకుతుంది గానీ, చిన్న ముఖాలకు అది బరువుగా కనిపిస్తుంది.

కాబట్టి రోజువారీ వాడకానికి నా ఓటు ఫ్లాట్ క్యాప్‌కే. కొనేటప్పుడు లోపలి అస్తరు, కుట్లు చూసుకోవాలి. ఉన్ని ముడుచుకుపోతుంది కనుక వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. పైప్ బ్యాండ్‌లో చేరేవారు మాత్రం కాబీన్ కొనేముందు ఆ బ్యాండ్ నియమాలేమిటో కనుక్కోవాలి.