మా వాడి కాలేజీ దారిలో తోడొచ్చే గాలి పంపు

మా అబ్బాయి చదివే కాలేజీ ఒక పల్లెను ఆనుకుని ఉంది. హైవే దిగాక నలభై కిలోమీటర్లు పొలాల మధ్య సన్నటి రోడ్డు. ఆ దారిలో పంచర్ వేసే షాపు ఒక్కటీ లేదు. నెలకోసారి నేనొక్కదాన్నే కారు వేసుకుని వాణ్ని చూసొస్తాను. అందుకే ఏడాది క్రితం ఈ చిన్న గాలి పంపు కొన్నాను. కారులో ఛార్జర్ గుచ్చే 12 వోల్టుల సాకెట్‌లో పెడితే నడిచే రకం ఇది. ఛార్జింగ్ చేసుకునేవీ ఉన్నాయి. కానీ నెలల తరబడి డిక్కీలో పడి ఉన్నది అవసరానికి ఛార్జ్ లేకుండా దొరికితే ఏం లాభం? కారు నడుస్తున్నంతకాలం నడిచేదే నాకు కావాలి.

పోయిన నెల దాని విలువ తెలిసింది. రాత్రి కాలేజీ గెస్ట్‌హౌస్‌లో ఉండి, పొద్దున్నే బయల్దేరబోతుంటే వెనక ఎడమ టైరు కాస్త కూర్చున్నట్టు కనిపించింది. పంపు గొట్టాన్ని వాల్వుకి మర తిప్పి బిగిస్తే గాలి ఒత్తిడి 19 పీఎస్ఐ చూపించింది. ఉండాల్సింది 33. వంగి చూస్తే టైరు గాడిలో మేకు తల మెరుస్తోంది. మా వాడు పీకబోయాడు. "వద్దురా నాన్నా, ఉన్న గాలిని పట్టి ఉంచింది అదే" అని ఆపాను. ట్యూబ్‌లెస్ టైరులో దిగిన మేకును షాపుకి చేరేదాకా కదపకూడదు.

ఇంజిన్ ఆన్ చేసి, 33 అని పెట్టి బటన్ నొక్కాను. బ్యాటరీ మీద భారం పడకుండా ఇంజిన్ నడుస్తుండగానే వాడాలి, అదీ ఆరుబయట. మోత గట్టిగానే ఉంది, హాస్టల్ కిటికీల్లోంచి పిల్లలు తొంగి చూశారు. ఐదారు నిమిషాల్లో 33 దగ్గర దానంతటదే ఆగింది. దారిలో ఒకసారి ఆపి చూసుకున్నాను, రెండు పాయింట్లే తగ్గింది. హైవే మీద షాపుకి నెమ్మదిగా చేరిపోయాను.

అక్కడే ఉన్న ఒక కుర్రాడు "ఆంటీ, టైరు మీద 51 అని ఉంది కదా, అంత కొట్టండి" అన్నాడు. చాలామంది చేసే పొరపాటే ఇది. టైరు పక్కన అచ్చు వేసి ఉండేది ఆ టైరుకున్న గరిష్ఠ పరిమితి. మన కారుకి ఎంత కావాలో డ్రైవర్ డోరు తెరిస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత పెట్టాలో చాలా కార్లలో అక్కడే విడిగా రాసి ఉంటుంది. చూడాల్సింది కూడా కారు కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే. నడిచిన టైరు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

నచ్చనివీ ఉన్నాయి. విడిగా కొన్న గేజ్‌తో పోలిస్తే ఇది ఒక పాయింటు ఎక్కువ చూపిస్తుంది, అందుకే నేను 34 పెడుతున్నాను. వైరు వెనక చక్రాలకి అతికష్టం మీద అందుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వేడి. ఆ రోజు కారు టైరు అయ్యాక పిల్లలు సైకిళ్లు తెచ్చారు. సైకిలుకి నిమిషం కూడా పట్టదు కానీ వరసగా నాలుగైదు అయ్యేసరికి గొట్టం చివరి ఇత్తడి మర చురుక్కుమని వేలు కాల్చింది. పది నిమిషాలు నడిస్తే మరో పది నిమిషాలు ఆపాలని కాగితంలో ఉంది. అది పాటించాల్సిందే. టైరు పక్క గోడ తెగితే మాత్రం ఇదేమీ చెయ్యలేదు, స్టెప్నీ వెయ్యాల్సిందే.

స్టెప్నీ అంటే గుర్తొచ్చింది. పంపు కొన్న రోజే దానికీ పెట్టి చూస్తే 16 ఉంది! అన్నేళ్లూ అదే ధైర్యంతో ఆ దారిలో తిరిగాను. ఇప్పుడు నెలనెలా బయల్దేరే ముందు ఐదు చక్రాలూ చూస్తున్నాను.

ఒంటరి దారుల్లో తిరిగేవాళ్లకి ఇది తప్పకుండా కొనమంటాను. ఈసారి వెళ్లేటప్పుడు మా వాడి హాస్టల్‌కి ఇంకోటి తీసుకెళ్తున్నాను. అక్కడ కారు సాకెట్ ఉండదు కదా, అది మాత్రం ఛార్జింగ్ రకమే.