అస్థికలతో ఎటు వెళ్ళాలి: బీచుపల్లి, వాడపల్లి, కాళేశ్వరం, కాశీ–గయ

హైదరాబాద్‌లో దహనం అయిన మర్నాడో మూడోనాడో అస్థి సంచయనం, అంటే ఎముకలు ఏరి కుండలో పెట్టడం, అయిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. కుండ గడప దాటి లోపలికి రాకూడదంటారు. కట్టి వేలాడదీద్దామంటే అపార్ట్‌మెంట్‌లో చెట్టుండదు. పెద్ద శ్మశానవాటికల్లో అస్థికలు దాచే అరలు ఉన్నది ఇందుకే. అక్కడ పెట్టేటప్పుడు కుండకు కట్టిన గుడ్డ మీదే పేరు, తేదీ చెరగని ఇంకుతో రాయండి. కాగితం చీటీ తడికి ఊడిపోతుంది, కుండలన్నీ ఒకేలా ఉంటాయి.

కట్టెల చితి అయితే పాదాల నుంచి తల వరకు వరుసగా ఏరుతారు. కరెంటు లేదా గ్యాస్ దహనంలో అన్నీ కలిసి వస్తాయి, అందులోంచే ఏరుకోవాలి. బూడిద మొత్తం రెండు మూడు కిలోల దాకా ఉంటుంది కానీ నదికి గుప్పెడు ఎముకలు చాలు. మొత్తం మూట కట్టి తెచ్చినవాళ్ళే ఘాట్ దగ్గర అవస్థ పడతారు. గాలికి సగం మొహం మీదికే వస్తుంది.

ఒక్కరోజులో వెళ్ళి రావాలంటే చాలామంది బీచుపల్లి అంటారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద, కృష్ణ ఒడ్డున, దాదాపు 160 కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదుకు బయల్దేరితే ఎనిమిదిన్నరకు ఘాట్‌లో ఉంటారు. అయితే ఎగువన జూరాల ప్రాజెక్టు ఉంది. వానాకాలంలో గేట్లెత్తితే మెట్లు మునుగుతాయి, నీళ్ళలోకి దిగనివ్వరు. ఏప్రిల్, మే నెలల్లో బండల మధ్య మడుగులే మిగులుతాయి. బయల్దేరే ముందురోజు అక్కడి పంతులుగారికి ఫోన్ చేసి ‘నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి’ అని అడిగితే సగం ఇబ్బంది తప్పుతుంది.

వాడపల్లి సంగతి ఎక్కువమందికి తెలియదు. మిర్యాలగూడ దాటాక, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. నగరంలో ముక్కు మూసుకుని దాటే ఆ మూసీయేనా అని మొహం చిట్లించే పెద్దవాళ్ళుంటారు. ఆ పట్టింపు ఇంట్లో ఉంటే బీచుపల్లికే వెళ్ళండి. లేకపోతే జనం తక్కువ, హడావుడి తక్కువ, పంతులుగారు మంత్రం మింగకుండా చదివే తీరిక ఉంటుంది. బాసర, ధర్మపురి రెండూ బాగానే ఉంటాయి. బాసరకు రైలుంది. ధర్మపురి గుళ్ళో యముడికి ప్రత్యేకంగా ఆలయం ఉంది. కానీ అంత దూరం వెళ్ళేవాళ్ళు ఇంకాస్త ముందుకు కాళేశ్వరం పోవడమే మేలని మా లెక్క.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడిది, అంటే యముడిది. రెండోది ముక్తేశ్వరుడిది, అంటే శివుడిది. ముక్తేశ్వరుణ్ణి కొలిచి అందరూ నేరుగా ముక్తి పొందుతుంటే తనకు పని లేకుండా పోతోందని యముడు మొరపెట్టుకున్నాడనీ, ముందు నీకే పూజ జరుగుతుందని శివుడు మాట ఇచ్చాడనీ స్థలపురాణం. అందుకే పూజ వరుస ఇప్పటికీ అదే. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటాయి. బిందెలకొద్దీ పోసినా నిండవనీ, ఆ నీళ్ళు లోపలి దారిన సంగమంలో కలుస్తాయనీ చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా నీళ్ళు పోసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. అందరి కళ్ళూ ఆ రంధ్రాల మీదే ఉంటాయి.

వరంగల్, పరకాల, భూపాలపల్లి, మహదేవ్‌పూర్ మీదుగా 280 కిలోమీటర్ల పైచిలుకు, ఆరు గంటలు. ఊళ్ళో గదులు కొద్ది. కార్తీక సోమవారాలు, శివరాత్రి అయితే దొరకవనే అనుకుని భూపాలపల్లిలో దిగడం నయం. ప్రాణహిత, గోదావరి కలిసే ఘాట్‌కు గుడి నుంచి ఆటో మాట్లాడుకోండి, ముసలివాళ్ళను నడిపించవద్దు. 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక నీళ్ళు నిలపడం ఆపేశారు. కాబట్టి ఎండాకాలంలో మెట్లు దిగాక ఇసుకలో చాలా దూరం నడవాలి. పదిగంటలకే ఇసుక కాలుతుంది. ఏడు లోపు ముగించండి.

ఘాట్‌లో తగాదాలు వచ్చేది కాకి దగ్గర. పిండం కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని, ఒక్కొక్కరే ముందుకొచ్చి ‘చిన్నదాని పెళ్ళి మేం చేస్తాం, నువ్వు దిగులు పడకు’ అని మాట ఇస్తుంటారు. నది ఒడ్డు కాకులు విస్తరి కింద పెట్టకముందే వాలిపోతాయి. ఊళ్ళో మేడ మీద అదే పిండం గంటసేపు ఎండుతుంది. ఎంతసేపటికీ రాకపోతే ఆవుకు పెట్టినా, నీళ్ళలో వదిలినా సరిపోతుందని పంతుళ్ళే చెబుతారు. మధ్యాహ్నం దాకా కూర్చోనక్కర్లేదు.

కాశీ, గయ పదిరోజుల లోపు పెట్టుకోవద్దన్నది మా గట్టి మాట. కర్త నిద్రలేక, ఒంటిపూట తిండితో ఉంటాడు. ఇక్కడి నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ మొగల్‌సరాయ్ (ఇప్పటి పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్) చేరేసరికి మర్నాడు అవుతుంది. అక్కడి నుంచి కాశీ ఇంకో గంట. ఇక్కడి నదిలో కొంత కలిపి, మిగతాది దాచి, ఏడాదిలోపు తీరిగ్గా వెళ్ళండి. విమానంలో అయితే మరణ ధ్రువపత్రం, దహనం రసీదు చేతిలో ఉండాలి. మందపాటి రాగి చెంబైతే స్కానర్‌లో లోపలిది కనబడక తెరవమనవచ్చు. గుడ్డ సంచి, పల్చని డబ్బా మేలు. కాశీలో తెలుగు భోజనం, తెలుగు పురోహితుడు కావాలంటే మానసరోవర్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం చక్కగా సరిపోతుంది. గదులు సాదా. కరివేన సత్రం బ్రాహ్మణులకు. ఘాట్ హోటల్‌లో కిటికీలోంచి గంగ కనబడుతుంది, కానీ మెట్లెక్కలేని మోకాళ్ళకు అది శిక్ష.

గయలో ఫల్గు నది, విష్ణుపాదం, అక్షయవటం, ఈ మూడు చోట్లా పిండాలు తప్పనిసరి. ప్రేతశిల కొండకు మెట్లున్నాయి, ఓపిక ఉంటేనే. ఖర్చు మాట్లాడేటప్పుడు సామాను, దక్షిణ, భోజనం కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. చివర అక్షయవటం కింద పండా, అంటే అక్కడి పురోహితుడు, ‘సుఫలం’ అంటేనే కార్యం పూర్తయినట్టు. ఆ మాటకు ఇచ్చే దక్షిణ ముందు చెప్పిన మొత్తంలో ఉందో లేదో మొదటే అడగాలి. చెట్టు కింద, ఏడుపు మొహంతో, బేరం ఆడటం ఎవరివల్లా కాదు. ఇక జన్మలో తిననని అక్కడ వదిలేసే కూర, పండు ఏవో కూడా ఇంటి నుంచే అనుకుని వెళ్ళండి. మామిడిపండు అని తొందరపడి, తర్వాత ప్రతి వేసవీ బాధపడేవాళ్ళున్నారు.

నమ్మే అన్న, నమ్మని తమ్ముడు ఒకే కారులో వెళ్ళే ప్రయాణమిది. ఇక్కడ పెట్టిన పిండం పైలోకానికి అందితే, ఊరికి పోయేవాడికి దారిబత్తెం ఎందుకు, ఇంట్లో విస్తరి వేస్తే చాలదా అని పరలోకాన్ని నమ్మని చార్వాకులు ఎప్పుడో అడిగారు. తమ్ముడు అదే అడుగుతాడు. అడగనివ్వండి, కానీ సంకల్పం మధ్యలో కాదు. కర్త ఒక్కరే, మిగతావాళ్ళు నీళ్ళు వదిలితే చాలు. అదీ ఇష్టం లేకపోతే చెప్పుల కాపలా, పొడిబట్టల సంచి అతనికి అప్పగించండి. కూతురు కర్మ చేస్తే ఒప్పుకుంటారా అన్నది మాత్రం ఫోన్‌లోనే తేల్చుకోండి. గయలో దశరథుడికి ఇసుక పిండం పెట్టింది సీతే అని గుర్తుచేస్తే చాలాచోట్ల మెత్తబడతారు.

సంచిలో నల్ల నువ్వులు పావుకిలో, బియ్యప్పిండి అరకిలో, తేనె, నెయ్యి, దర్భలు, ఒక్కొక్కరికి రెండు తువ్వాళ్ళు. వీటికంటే ముఖ్యం పేర్ల కాగితం. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నానమ్మ, తాతమ్మ, అమ్మవైపు వాళ్ళు. తాతమ్మ పేరు దగ్గర దాదాపు అందరూ ఆగిపోతారు, నీళ్ళలో నిలబడి పెద్దత్తకు ఫోన్లు చేస్తారు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెబుతారు. మూడు తరాలనూ వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా తలుస్తారు కాబట్టి పేరు లేకపోయినా పని ఆగదు. అయినా బయల్దేరేలోపు పెద్దత్తకు ఒకసారి ఫోన్ చేయండి.