భయస్తురాలైన కుక్కకి బుట్ట మజిల్: మూడేళ్ల వాడకం తర్వాత

మా మల్లి వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క. కర్ర పట్టుకున్న మనిషి కనబడినా, ఇంకో కుక్క మొరిగినా ముందు వణుకుతుంది, వెంటనే మీదికి దూకుతుంది. దానికి మూడేళ్లుగా బుట్ట మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగే సందులున్న బుట్ట, వాడుతున్నాను. కరిచే భయం ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలి. గుడ్డతో కుట్టింది మాత్రం వద్దు.

గుడ్డది మూతిని బిగించేస్తుంది. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లే. విశాఖ ఉక్కపోతలో నోరు తెరవనివ్వకపోతే వడదెబ్బతో ప్రాణం మీదికొస్తుంది. బుట్టలో మల్లి రొప్పుతుంది, నీళ్లు తాగుతుంది, సందులోంచి పెట్టిన చికెన్ ముక్క తింటుంది. ఈ ముక్కే అసలు సంగతి, శిక్షణంతా దాని మీదే నడుస్తుంది. మల్లికి ఇంకా వణుకు పుట్టనంత దూరంలో వేరే కుక్క కనబడగానే ముక్కలు పెడతాను, అది కనుమరుగవగానే ఆపేస్తాను. నెలలు పట్టింది. ఇప్పుడు కుక్క కనబడితే మొరగకుండా నా చేతివైపు చూస్తుంది.

కొన్నరోజే తొడిగేయకండి. లోపల పెరుగు రాసి పట్టుకుంటే తనంతట తనే మూతి పెట్టాలి. పట్టీ పెట్టడం ఆ తర్వాతి మాట. పీనట్ బటర్ రాసేవాళ్లు అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని చూసుకోవాలి, కుక్కలకది విషం. సైజు విషయంలో ఒకటే గుర్తు: బుట్టలో నోరు బాగా తెరుచుకోవాలి, ముక్కు కొస దేనికీ తగలకూడదు.

నాకు కలిగిన పెద్ద మేలు తాడు దగ్గర. కరుస్తుందేమోనన్న బెంగ పోయాక నా చెయ్యి బిగుసుకోవడం లేదు, తాడు వదులుగా ఉంటే మల్లీ నెమ్మదిగా ఉంటోంది. పొద్దున్నే లాసన్స్ బే నుంచి తెన్నేటి పార్కు వైపు హాయిగా నడుస్తున్నాం. పక్కింటి మామ్మగారైతే మొదట్లో "ఏటమ్మా, ఎద్దుకి చిక్కం కట్టినట్టు కట్టీసేవు" అని చాలా బాధపడ్డారు. మల్లి బుట్టలోంచే బిస్కెట్టు తినడం చూశాక ఆవిడ మనసు కుదుటపడింది.

లోపాలూ ఉన్నాయి. సముద్రపు గాలికి పట్టీ బకిల్ తుప్పు పట్టింది, మార్పించాను. ఇసుక చేరితే ముక్కు మీద చర్మం రాసుకుపోతుంది కాబట్టి రోజూ కడిగి ఆరబెట్టాలి. వీధికుక్కలు మీద పడితే మల్లి తనని తాను కాచుకోలేదు, అందుకే గుంపులున్న సందుల్లోకి వెళ్లం. ఇంట్లో ఒంటరిగా వదిలేటప్పుడు తీసేయాలి, ఎక్కడైనా తగులుకుంటే ప్రమాదం.

చప్పుళ్ల భయానికి ఇది అక్కరకు రాదు. నేవీ విన్యాసాలప్పుడు ఆర్కే బీచ్ మీద విమానాలు గర్జిస్తుంటే, దీపావళికి బాంబులు పేలుతుంటే, కిటికీలు మూసిన గదిలో ఫ్యాన్ వేసి పక్కన కూర్చుంటాను. మందుల సంగతి పశువైద్యుడితో ముందే మాట్లాడుకోవాలి. రేబిస్ టీకా కూడా గడువు దాటకుండా వేయించాలి. బుట్ట లేని వేళ ఎవరికైనా పన్ను తగిలితే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.