హన్మకొండలో కారు అద్దం మెషిన్ మార్పించాను: పని బాగుంది, ముగింపు అంతంతే

పవర్ విండో మెషిన్ (డోర్ లోపల ఉండి అద్దాన్ని ఎత్తి దించేది) పాడై అద్దం డోర్ లోపలికి పడిపోయి, వరంగల్ చుట్టుపక్కల ఎక్కడ చేయించాలా అని చూసేవాళ్ళు ఈ షాపుకు ధైర్యంగా వెళ్ళొచ్చు, కాకపోతే డోర్ ప్యాడ్, అంటే డోర్‌కు లోపలివైపు ఉండే అట్ట, తిరిగి బిగించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడాలి. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. షాపుకు బోర్డు లేదు. రేకుల షెడ్డు, ముందు ఎప్పుడూ రెండు మూడు కార్లు తలుపులు తెరుచుకుని ఉంటాయి, ములుగు రోడ్డు వైపు కారు కరెంటు పనులు చేసేవాళ్ళను డోర్ల పని చేసే భాయ్ ఎక్కడ అంటే చూపిస్తారు.

మాది పదేళ్ళు దాటిన చిన్న కారు. ఎడమవైపు ముందు అద్దం కొన్నాళ్ళుగా కిర్రుమంటూ, ఒక పక్కకు వంగి లేచేది. ఒకరోజు టక్కుమని శబ్దం వచ్చి మొత్తం కిందికి జారిపోయింది, అదీ సరిగ్గా వానల్లో. ముందు ఒక సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే డోర్ విప్పకుండానే మోటర్‌తో కలిపి మొత్తం సెట్టు మార్చాలన్నారు, లేబర్‌తో ఆరు వేలు దాటుతుందట. కొన్ని కార్లకు కంపెనీ పార్టు సెట్టుగానే వస్తుంది, అది నిజమే, వాళ్ళను పూర్తిగా తప్పు పట్టను. కానీ ఏది పోయిందో చూడకుండానే రేటు చెప్పడం నాకు నచ్చలేదు.

భాయ్ వెంటనే స్పానర్ ముట్టుకోలేదు. డోర్‌కు చెవి ఆనించి నన్ను స్విచ్ నొక్కమన్నాడు. లోపల మోటర్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది, అద్దం మాత్రం కదలట్లేదు. "మోటర్ మంచిగనే ఉన్నది అన్నా, తీగ పోయింది. మోటర్ ఎందుకు కొంటవ్" అన్నాడు. మోటర్ చప్పుడు వస్తోందంటే ఫ్యూజు, స్విచ్, వైర్లు అన్నీ బాగున్నట్టే. అసలు ఏ చప్పుడూ రాకపోతే అప్పుడు లెక్క వేరు, ముందు ఫ్యూజు చూడాలి, తర్వాత స్విచ్, ఆ తర్వాత డోర్‌కూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి వెళ్ళే వైర్లు, డోర్ తీసి వేసీ తీసి వేసీ అవి అక్కడే తెగుతుంటాయి. ఇంకో కిటుకు కూడా చెప్పాడు: స్విచ్ నొక్కినప్పుడు కారు లోపలి లైటు కాస్త మసకబారితే కరెంటు మోటర్ దాకా వెళ్తోందన్నమాట, మోటర్ గానీ అద్దం గానీ ఎక్కడో బిగుసుకుని ఉంటుంది. ఈ మాత్రం తెలిస్తే ఏ షాపులోనూ అనవసరంగా మోటర్ అంటగట్టలేరు.

డోర్ ప్యాడ్ విప్పాక చూపించాడు. రెగ్యులేటర్ అని పార్టు డబ్బా మీద ఉంటుంది, షాపుల్లో అందరూ విండో మెషిన్ అనే అంటారు. మా కారులో ఉన్నది తీగ రకం, బావి గిలక మీద చేంతాడు నడిచినట్టు సన్నటి స్టీలు తీగ చిన్న గిలకల మీద తిరుగుతుంది, ఆ తీగకు తగిలించిన ప్లాస్టిక్ ముక్క పట్టీ వెంబడి అద్దాన్ని పైకీ కిందికీ తీసుకెళ్తుంది. మాకు ఆ ముక్క విరిగింది, తీగ పోగులు పోగులుగా విడిపోయి, మోటర్ తిప్పే డ్రమ్ముకు చుట్టుకుపోయింది. తీగ బాగున్నంతకాలం అద్దాన్ని చేత్తో కిందికి నొక్కినా దిగదు, ఎందుకంటే మోటర్ తిరిగితే గేరు తిరుగుతుంది గానీ గేరును తోస్తే మోటర్ తిరగదు. కాబట్టి రెండు అరచేతులతో పట్టి లాగితే అద్దం వచ్చేస్తోందంటే మెషిన్ పని అయిపోయినట్టే.

నాకు నిజంగా నచ్చింది ఇక్కడే. ఇదెందుకు తెగిందో కూడా చూశాడు. అద్దం నడిచే రబ్బరు బీడింగు నిండా నల్లటి దుమ్ము. ఈ కారు తరచూ గోదావరిఖని వెళ్ళి వస్తుంటుంది, ఆ రోడ్డు మీద బొగ్గు లారీల వెనక నడిపినవాళ్ళకు ఆ దుమ్ము సంగతి నేను చెప్పక్కర్లేదు. బీడింగు ఎండిపోయి అద్దాన్ని పట్టేస్తుంటే ఆ బరువంతా ఎండలకు పెళుసుబారిన ప్లాస్టిక్ ముక్క మీద, తీగ మీద పడుతుంది. బీడింగు వదిలేసి కొత్త మెషిన్ వేస్తే అదీ అదే దారి పడుతుంది. స్కేలుకు తడిగుడ్డ చుట్టి బీడింగు లోపలంతా తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాడు. గ్రీజు కొట్టొచ్చు కదా అంటే, అది ఇనుప పట్టీకి మాత్రమే, రబ్బరుకు రాస్తే దుమ్ము పట్టి ఇంకా గట్టిపడుతుంది అన్నాడు. ఇంజన్ ఆయిల్ పోసుకునేవాళ్ళు కూడా ఉన్నారట, రబ్బరు ఉబ్బి పాడవుతుంది, ఆ పని చేయకండి.

పార్టు విషయానికొస్తే, మోటర్ లేకుండా ఉత్త మెషిన్ బయటి కంపెనీది 1,350 రూపాయలు పడింది, పాత మోటర్‌నే మూడు స్క్రూలతో దానికి బిగించాడు. స్క్రాపులోంచి తెచ్చిన పీసు ఇంకా చవకగా వస్తుందిగా అని అడిగితే వేయనన్నాడు, ఆ ప్లాస్టిక్ కూడా నీ కారంత వయసుదే అన్నా అని. న్యాయమే. కొత్త పీసులో ప్లాస్టిక్ ముక్క పాతదానికంటే పలచగా అనిపించింది, ఎంతకాలం వస్తుందో చూడాలి. కుడికీ ఎడమకూ, ముందుకూ వెనక్కూ పీసులు వేరు, కాబట్టి పాతది పక్కన పెట్టి బోల్టు రంధ్రాలు సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.

బిగించే పద్ధతి కూడా చక్కగా ఉంది. అద్దాన్ని పైకి లేపి ఫ్రేముకు టేపుతో అంటించాడు, పడిపోకుండా. అద్దానికి ఉండే రెండు పది నంబరు బోల్టులను ముందే గట్టిగా బిగించలేదు, వదులుగా ఉంచి అద్దాన్ని పూర్తిగా పైకి తీసుకెళ్ళి బీడింగులో సరిగ్గా కూర్చున్నాక అప్పుడు బిగించాడు. అందుకే ఇప్పుడు వంకర లేకుండా నేరుగా లేస్తోంది. లోపల చెయ్యి ఉన్నంతసేపూ స్విచ్ దగ్గర ఎవరినీ ఉండనివ్వలేదు. తీగ రకం కాకుండా కత్తెరలా మడుచుకునే పాత రకం మెషిన్లుంటాయి కదా, వాటిలో స్ప్రింగు బిగువు మీద ఉంటుంది, ఆ మెషిన్ కడ్డీని కదలకుండా కట్టేయకుండా మోటర్ విప్పితే వేళ్ళు పోతాయి, ఇంట్లో వీడియోలు చూసి విప్పుదామనుకునేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి.

ఇక తగ్గించిన మార్కు సంగతి. అంత ఓపికగా చేసిన మనిషికి చివర్లో ఏమవుతుందో తెలీదు, తొందర మొదలవుతుంది. ప్యాడ్ లాగేటప్పుడు రెండు క్లిప్పులు విరిగితే ఏం కాదు నడుస్తది అన్నాడు. నేను ఒప్పుకోలేదు, డబ్బాలోంచి కొత్తవి తీసి వేశాడు. దానికంటే పెద్ద సంగతి ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటు. విప్పేటప్పుడు సగం చించి, అది లేకున్నా ఫరక్ పడదని పక్కన పడేశాడు. పడుతుంది. వాననీళ్ళు అద్దం వెంట డోర్ లోపలికి ఎలాగూ దిగుతాయి, అడుగున రంధ్రాల్లోంచి బయటికి పోతాయి, ఆ నీళ్ళు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే. అది లేకపోతే కార్పెట్ తడిసి నెలల తరబడి ముక్కిపోయిన వాసన. గట్టిగా చెప్పాక పాత గమ్ముతోనే అంటించి, చిరిగినచోట టేపు వేశాడు. తర్వాతి వానకు చుక్క లోపలికి రాలేదు గానీ, నేను అక్కడ లేకపోతే ఆ షీటు చెత్తబుట్టలో ఉండేది. పాటలు పెడితే డోర్‌లో గలగలమని చప్పుడు కూడా వచ్చింది, మళ్ళీ వెళ్తే ఫోమ్ ముక్క పెట్టి డబ్బులు తీసుకోకుండా సరిచేశాడు, ఆ మంచితనం ఉంది.

లేబర్ 500, మొత్తం 1,850 అయింది. బిల్లు ఇవ్వడు, వారంటీ అంటే నోటిమాటే, ఆరు నెలల్లో ఏమన్నా అయితే తీసుకురా అన్నాడు. గంట పని అని చెప్పి సగం రోజు తీసుకుంటాడు, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షాపు కట్టేస్తారు కాబట్టి ఆ రోజు వద్దు. ఫోన్‌పే నడుస్తుంది. పార్కింగ్ లేదు, రోడ్డు పక్కనే పెట్టాలి, పొద్దున్నే వెళ్తే షెడ్డు నీడలో చోటు దొరుకుతుంది.