దూది ఫుటాన్: కూర్చునే సగం, ఆనుకునే సగం

పగలు సోఫాగా, రాత్రి పరిస్తే పడకగా మారే ఫుటాన్ కొనేటప్పుడు అందరి దృష్టీ చట్రం మీదే ఉంటుంది. ఏళ్ల తరబడి పగలు దానిపై కూర్చుని, రాత్రి దానిపైనే పడుకున్న అనుభవంతో చెబుతున్నాను: సుఖమైనా కష్టమైనా పరుపుతోనే.

మా ఫుటాన్ పొడవునా మధ్యలో ఒకే మడత ఉన్న రకం. గట్టి చెక్క కావడంతో అప్పుడప్పుడూ బోల్టులు బిగించుకోవడం తప్ప చట్రం ఏ ఇబ్బందీ పెట్టలేదు. పరుపు పూర్తిగా దూదితో చేసినది, మందం 8 అంగుళాలు. ఫోమ్‌లా ఒళ్లు కూరుకుపోదు, వీపు కింద వేడి నిలవదు, వెల్లకిలా పడుకునే నాకు నడుము కింద నిండుగా ఊతం దొరికేది. దాన్ని కనబడ్డవారందరికీ మెచ్చుకుంటూ చెప్పాను. ఆ మెప్పు అబద్ధం కాదు గాని, అది కొత్త దూదికే చెల్లుతుంది.

క్రమంగా నిద్రలో ఒక పక్కకే దొర్లడం మొదలైంది. గోడ వైపు పడుకున్నా తెల్లవారేసరికి ముందు అంచుకు చేరేవాడిని. చట్రం వంగిందేమోనని మట్టం పెట్టి చూస్తే అది సరిగ్గానే ఉంది. అప్పుడు పరుపు మీద ఒక తిన్నని బద్దను అడ్డంగా పెట్టి చూశాను. గోడ వైపు సగాన్ని ఆనుకున్న బద్ద, మడత దాటాక గాలిలో నిలిచింది. ముందు సగంలో దాని కింద నా నాలుగు వేళ్లూ సులువుగా దూరాయి. పగలంతా మేము కూర్చునేది ఆ సగం మీదే. అక్కడ దూది అణిగి అట్ట కట్టింది. వీపు ఆనించే సగం మాత్రం కొన్ననాటి పొంగుతోనే ఉంది. పడుకోవడానికి పరిచినప్పుడు ఈ రెండింటి మధ్య మెట్టు సరిగ్గా ఒంటి కిందకే వచ్చేది.

జపాన్‌లో ఫుటాన్‌ను రాత్రి తతామీ చాపల మీద పరిచి, ఉదయం మడిచి అలమారాలో పెట్టేస్తారు. తరచూ ఎండలో ఆరబెడతారు. దాన్ని రోజంతా సోఫాగా వాడరు కనుక ఒక సగమే ఇలా అణిగే అవసరం రాదు. చట్రం మీది ఫుటాన్ ఒకే పరుపుతో రెండు పనులు చేయించుకుంటుంది. దూది పడే అవస్థ అంతా అక్కడే ఉంది.

తల వైపును కాళ్ల వైపుకు తిప్పితే కూర్చునే సగం, ఆనుకునే సగం తారుమారవుతాయి. అలా తిప్పుతూ, వీలున్నప్పుడు ఎండ చూపిస్తూ వచ్చాక మెట్టు తగ్గింది, పూర్తిగా పోలేదు. గట్టిపడిన దూది ఎండకు కొంత విచ్చుకుంటుంది గాని మునుపటి మందానికి రాదు. పైగా ఆ బరువైన పరుపును తిప్పడానికి ఇద్దరు కావాలి. ఒంటరిగా ఉండేవారు దీన్ని తప్పక ఆలోచించుకోవాలి.

అప్పుడప్పుడూ వచ్చే అతిథుల కోసమైతే పూర్తి దూది పరుపునే ఇప్పటికీ సంతోషంగా సూచిస్తాను. మా ఇంట్లోలాగా రోజూ రెండు రకాలుగా వాడేవారికి, లోపల ఫోమ్ పొర ఉండి చుట్టూ దూది ఉన్న పరుపు ఎక్కువ కాలం ఆకారం నిలుపుకుంటుంది కనుక, ఈసారి నేను దాన్నే తీసుకుంటాను. పక్కకు తిరిగి పడుకునేవారికి మాత్రం నా మాట ఎంతవరకు వర్తిస్తుందో చెప్పలేను. నా నడుముకు హాయినిచ్చిన ఆ గట్టిదనమే వారి భుజానికి నొప్పి కావచ్చు.