సిడ్నీ ఎయిర్‌పోర్ట్ రైలు "అన్నీ కలిపి" కిట్ కొంటున్నారా? ఆగండి

స్టూడెంట్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ల్యాండింగ్ కిట్ మీకూ వచ్చే ఉంటుంది. సిమ్ము, ఒపల్ కార్డు (సిడ్నీ బస్సులకీ రైళ్లకీ ట్యాప్ చేసే కార్డు), ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీకి రైలు, అన్నిటికీ కలిపి ఒకటే రేటు. ఎవరూ కొనకండి. డబ్బులు పోయి ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నా.

కార్డులో వేసింది 10 డాలర్లు. ఎయిర్‌పోర్ట్ ఇంటర్నేషనల్ టెర్మినల్ స్టేషన్‌లో ఎక్కి సిటీలోని సెంట్రల్ స్టేషన్‌లో దిగడానికి అది ఏ మూలకీ చాలదు. ఇదేంటని అడిగితే కిట్ అమ్మిన మహానుభావుడి జవాబు: "రైలు చార్జీ ఇంక్లూడెడ్ అన్నాం బ్రదర్, స్టేషన్ ఫీజు అనలేదుగా." పక్కన ఓ నవ్వు బొమ్మ కూడా. స్టేషన్‌లో కాలు పెట్టకుండా రైలెలా ఎక్కాలి సార్, సొరంగం తవ్వుకుని రావాలా? ఆ మాట అన్నాక బ్లాక్ చేశాడు. బ్రదర్ట బ్రదర్!

దోపిడీ అంతా ఆ ఫీజు దగ్గరే. 2000లో ఒలింపిక్స్‌కి ముందు ఈ లైన్ వేసినప్పుడు గ్రీన్ స్క్వేర్, మాస్కట్, డొమెస్టిక్, ఇంటర్నేషనల్ స్టేషన్లని ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. మామూలు టికెట్ మీద స్టేషన్ యాక్సెస్ ఫీజు అదనం. 2011లో మొదటి రెండిటికీ ఎత్తేశారు, టెర్మినల్స్ దగ్గర రెండిటికీ ఉంచారు. ఇప్పుడు పెద్దవాళ్లకి మనిషికి 17 డాలర్ల పైనే. ఎక్కినా పడుతుంది, దిగినా పడుతుంది. ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల) తగ్గింపు రైలు చార్జీకే, దీనికి కాదు. రోజుకి ఇంతకు మించి కట్టక్కర్లేదనే రోజువారీ క్యాప్‌లోకీ రాదు. దీనికి వేరే వారం క్యాప్ ఉంది గానీ, అది రోజూ ఎయిర్‌పోర్ట్‌లో డ్యూటీ చేసేవాళ్లకి పనికొస్తుంది, ఒకసారి దిగి వెళ్లిపోయే మనకి కాదు.

ఇంకో ఘోరం, ఒపల్ కార్డుకి అసలు ధరే లేదు. మనం కట్టేది అందులో పడే బ్యాలెన్సే. ఆ ఫ్రీ కార్డుని "ప్రీమియం ట్రావెల్ కార్డ్" అని అమ్ముతున్నాడు!

కార్డు లేకపోయినా పర్లేదు, కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ గేటు దగ్గర నేరుగా ట్యాప్ అవుతాయి. కాకపోతే మన బ్యాంకు కార్డుల్లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. ఫ్లైట్ ఎక్కకముందే యాప్‌లో ఆన్ చేసుకోండి. మనిషికో కార్డు ఉండాలి. ఎక్కేటప్పుడు ఫోన్‌తో ట్యాప్ చేసి దిగేటప్పుడు ప్లాస్టిక్ కార్డుతో చేస్తే, కార్డు ఒకటే అయినా సిస్టమ్ రెండు ప్రయాణాలుగా లెక్కేసి డీఫాల్ట్ చార్జీ (ప్రయాణం పూర్తి కానట్టు లెక్కేసి వేసే ఎక్కువ చార్జీ) లాగుతుంది.

ఫీజు తప్పించుకోవాలంటే 420 బస్సు. టెర్మినల్ దగ్గర ఎక్కి మాస్కట్ స్టేషన్‌లో దిగితే అక్కడ రైలుకి మామూలు చార్జీయే, 60 నిమిషాల్లోపు అదే కార్డుతో మారితే 2 డాలర్లు తగ్గుతుంది కూడా. బస్సు ముందు బోర్డు చూసి ఎక్కండి, బర్‌వుడ్ అని ఉంటే అది మాస్కట్‌కి కాదు, ఎదురు దిక్కుకి పోయేది. క్యాష్ తీసుకోరు. రెండు పెద్ద సూట్‌కేసులుంటే మాత్రం బస్సులో నరకమే. నలుగురు కలిసి వస్తే ఫీజులే 68 డాలర్లు దాటతాయి, హాయిగా ట్యాక్సీ ఎక్కండి.

ఎవడైనా "ఎయిర్‌పోర్ట్ రైలు ఫ్రీ" అంటే యాక్సెస్ ఫీజు కలిపారా అని మెసేజ్‌లోనే అడగండి, ఫోన్లో కాదు. జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.