కోరిలేషన్ పక్కన స్టాండర్డ్ ఎర్రర్: ఆర్, ఎస్‌పీఎస్‌ఎస్ ఏళ్ల తరబడి వాడాక

థీసిస్ రాసే పిల్లలకు, పీజీ డాక్టర్లకు లెక్కలు చూసిపెడుతూ ఆర్, ఎస్‌పీఎస్‌ఎస్ అనే ఈ రెండు గణాంక సాఫ్ట్‌వేర్లనూ చాలా ఏళ్లుగా వాడుతున్నాను. వాళ్లు తరచూ అడిగేది ఒకటే: "కోరిలేషన్‌కి స్టాండర్డ్ ఎర్రర్ కూడా వేయమన్నారు సార్, అదెక్కడుంది?" కోరిలేషన్ అంటే రెండు కొలతలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే, -1 నుంచి 1 వరకు ఉండే అంకె; స్టాండర్డ్ ఎర్రర్ అంటే నమూనా మారితే ఆ అంకె ఎంత అటూఇటూ అవుతుందనే అంచనా.

ఆర్‌లో కార్.టెస్ట్ (cor.test) అనే ఫంక్షన్ నడిపితే టీ విలువ, పీ విలువ (అసలు సంబంధమే లేకపోతే ఇంత లేదా ఇంతకన్నా పెద్ద కోరిలేషన్ వచ్చే అవకాశం), 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు), కోరిలేషన్ వస్తాయి. స్టాండర్డ్ ఎర్రర్ రాదు. ఎస్‌పీఎస్‌ఎస్ మామూలు కోరిలేషన్ పట్టికలోనూ ఉండదు. ఇది లోపమని నేననుకోను. ఆ పేరుతో చెలామణి అయ్యే సూత్రాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, ఏది కావాలో మనమే తేల్చుకోవాలి.

28 మంది డేటాలో కోరిలేషన్ 0.6 వచ్చిందనుకోండి. 1లోంచి దాని వర్గం తీసేసి, 26తో భాగించి, వర్గమూలం తీస్తే 0.157. 0.6ని దీంతో భాగిస్తే 3.82, అంటే కార్.టెస్ట్ చూపించే టీ విలువే. అసలు సంబంధమే లేదన్న ఊహను పరీక్షించడానికి ఇది సరిగ్గా సరిపోతుంది. పెద్ద నమూనాల కోసం చెప్పే ఇంకో సూత్రం అదే డేటాకి 0.123 ఇస్తుంది. అందుకే ఏ సూత్రమో రాయకుండా పట్టికలో అంకె ఒక్కటే పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఇంటర్వెల్ కావాలంటే ఈ రెండూ వద్దు. 28 మందిలోనే కోరిలేషన్ 0.9 అయితే మొదటి సూత్రంతో పైహద్దు 1.07 వస్తుంది. కోరిలేషన్ 1 దాటడమేమిటి? గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1915, 1921 వ్యాసాల్లో చూపిన జెడ్ మార్పిడికి (కోరిలేషన్‌ని హద్దులు లేని వేరే స్కేలుకి మార్చే పద్ధతి) ఆ ఇబ్బంది లేదు. జెడ్ స్కేలు మీద స్టాండర్డ్ ఎర్రర్ నమూనా సంఖ్య మీదే ఆధారపడుతుంది: 28లోంచి 3 తీస్తే 25, దాని వర్గమూలం 5, 1ని 5తో భాగిస్తే 0.2. వెనక్కి మార్చితే 0.9కి 0.79 నుంచి 0.95, 0.6కి 0.29 నుంచి 0.80. కార్.టెస్ట్ చేసేది ఇదే, అందుకే నాకు అదంటే అంత ఇష్టం.

స్టాండర్డ్ ఎర్రర్ కావాలని గైడ్ పట్టుబడితే ఆర్‌లో సైక్ అనే అదనపు ప్యాకేజీ ఉంది. అందులోని కోరిలేషన్ టెస్ట్ ఫంక్షన్ ఫలితంలో ఎస్‌ఈ అనే భాగం మొదటి సూత్రంతోనే వస్తుంది. పీ విలువల పట్టికలో మాత్రం జాగ్రత్త: కర్ణానికి పైన ఉన్నవి హోల్మ్ పద్ధతిలో (ఒకేసారి చాలా పరీక్షలు చేసినందుకు) సవరించినవి, కింద ఉన్నవి సవరించనివి. ఎస్‌పీఎస్‌ఎస్‌లో అయితే బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీమళ్లీ నమూనాలు తీసి లెక్కించే పద్ధతి) టిక్ చేస్తే చాలు, బయాస్, స్టాండర్డ్ ఎర్రర్, ఇంటర్వెల్ పట్టికలోకే వచ్చేస్తాయి. కోడ్ అంటే టెన్షన్ పడేవాళ్లకి ఇదే చెబుతాను.

కార్.టెస్ట్ మీద నాకున్న అసంతృప్తి స్పియర్‌మన్ కోరిలేషన్ (విలువలకు బదులు వాటి ర్యాంకులతో లెక్కించేది) దగ్గర. దానికి ఇంటర్వెల్ ఇవ్వదు, టై ర్యాంకులుంటే (ఒకే విలువ ఒకటికంటే ఎక్కువసార్లు వస్తే) ఖచ్చితమైన పీ విలువ రాదని హెచ్చరిస్తుంది. అక్కడ ఆర్‌లోనే బూట్‌స్ట్రాప్ చేసే బూట్ ప్యాకేజీకి వెళ్తాను.

ఒకే పేషెంట్‌కి నాలుగైదు రీడింగులుంటే ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను పట్టుకోదు. ప్రతి వరుసనీ వేరే మనిషిగా లెక్కేసి స్టాండర్డ్ ఎర్రర్‌ని సాధారణంగా ఉండాల్సిన దానికన్నా చిన్నగా చూపిస్తుంది. అలాంటి డేటాకి బూట్‌లో వరుసలకు బదులు పేషెంట్ నంబర్లను నమూనాగా తీయిస్తాను, ఎవరి నంబరు వస్తే వాళ్ల రీడింగులన్నీ కలిసే వస్తాయి.